జీపు మీది ఫిరంగి: హవల్దార్ అబ్దుల్ హమీద్

కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ (1933–1965) భారత సైన్యంలో గ్రెనేడియర్స్ రెజిమెంటు నాలుగో బెటాలియన్‌కు చెందిన సైనికుడు. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్ సరిహద్దులోని ఖేమ్‌కరణ్ ప్రాంతంలో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తో ఎదుర్కొన్నారు. ఆ పోరులోనే సెప్టెంబర్ 10న ప్రాణాలు విడిచారు. ఆ ఏడాది యుద్ధంలో పరమవీరచక్ర ఇద్దరికి దక్కింది, ఇద్దరికీ మరణానంతరమే. ఒకరు హమీద్, రెండోవారు పూనా హార్స్ రెజిమెంటును నడిపించిన లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేషిర్ తారాపోర్.

హమీద్ కథ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి చాలాకాలమైంది. అక్కడ అది రెండు వాక్యాల్లో ముగుస్తుంది: ట్యాంకులు వచ్చాయి, ఒంటరి వీరుడు వాటిని పేల్చి అమరుడయ్యాడు. ధైర్యం సంగతి నిజమే, కానీ అంతటితో ఆపేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. హమీద్ ఆరితేరిన పనివాడు. ఆ గన్ గుణమేమిటో, దోషమేమిటో, ఎంత దూరంలో పేలిస్తే తగులుతుందో, పేల్చాక ఎన్ని క్షణాల్లో చోటు మార్చాలో ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చుకున్నారు. ఖేమ్‌కరణ్ ప్రాంతంలోని చీమా గ్రామం పొలాల్లో ఆయన చూపిన తెగువకు అండగా నిలిచింది ఆ పనితనమే.

దర్జీ ఇంటి కుర్రాడు

హమీద్ 1933 జులై 1న ఉత్తరప్రదేశ్ తూర్పు కొసన ఉన్న ఘాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో పుట్టారు. తండ్రి మొహమ్మద్ ఉస్మాన్ దర్జీ. తల్లి సకీనా బేగం. గంగ ఒడ్డున ఉండే ఆ జిల్లా నల్లమందు ఫ్యాక్టరీకి, లార్డ్ కార్న్‌వాలిస్ సమాధికి పేరుపడింది. అంతకంటే ఎక్కువగా సైన్యానికి మనుషులను పంపడంలో పేరుపడింది. అదే జిల్లాలోని గహ్మర్‌ను ఇప్పటికీ సైనికుల ఊరు అంటారు. అలాంటి నేల మీద దర్జీ కొడుకు సిపాయి కావాలనుకోవడంలో వింతేమీ లేదు.

చదువు కొద్దిపాటిది. తండ్రి దగ్గర కుట్టుపనిలో చేయివేసేవారు. ఊళ్లో కుస్తీ పట్టడం, కర్రసాము చేయడం ఇష్టమని చెబుతారు. సూది, కత్తెర పట్టిన చేతులు తర్వాత గన్ పట్టాయని రాయడం పత్రికలవారికి ఇష్టమైన అలంకారం. ఆ సంబంధం ఎంతవరకు నిజమో గానీ, గురి చూడటంలో ఆయన చేయి స్థిరమైనదని బెటాలియన్‌లో అందరికీ తెలుసు.

1954 డిసెంబర్ 27న, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, ఆయన గ్రెనేడియర్స్‌లో చేరారు. భారత సైన్యంలోని పాత రెజిమెంట్లలో ఇది ఒకటి. జాట్లు, రాజపుత్రులు, డోగ్రాలు, గుజ్జర్లతో పాటు రాజస్థాన్ కాయంఖానీలు, హిందుస్తానీ ముస్లింలు కూడా ఇందులో తరతరాలుగా పనిచేస్తున్నారు. శిక్షణ ముగిశాక హమీద్ నాలుగో బెటాలియన్‌కు వెళ్లారు. చివరిదాకా అదే ఆయన ఇల్లు.

ఓటమి చూసిన బెటాలియన్

1962 అక్టోబర్‌లో చైనా దాడి చేసినప్పుడు నాలుగో గ్రెనేడియర్స్ నేఫాలో, అంటే నేటి అరుణాచల్‌ప్రదేశ్‌లో, నామ్కా చూ నది ఒడ్డున ఉంది. బ్రిగేడియర్ జాన్ దాల్వీ నాయకత్వంలోని ఏడో బ్రిగేడ్‌లో అది భాగం. చలికి తగిన బట్టల్లేవు, సరిపడా తూటాల్లేవు, ఆ లోయలో నిలబడి పోరాడటానికి అనువైన చోటూ లేదు. ఒక్క ఉదయంలో ఆ బ్రిగేడ్ చెదిరిపోయింది. దాల్వీ చైనా సైనికులకు చిక్కారు. గ్రెనేడియర్లలో మిగిలినవారు భూటాన్ కొండల మీదుగా కాలినడకన బయటపడ్డారు. వాళ్లలో హమీద్ ఒకరు.

ఈ అనుభవాన్ని జీవితచరిత్రల్లో ఒక వాక్యంతో దాటేస్తుంటారు. కానీ మూడేళ్ల తర్వాత ఖేమ్‌కరణ్‌లో నిలబడిన బెటాలియన్ మనసు అర్థం కావాలంటే నామ్కా చూ సంగతి తెలియాలి. 1962లో దెబ్బతిన్న, ఆ బ్రిగేడ్ ఉన్న నాలుగో డివిజన్‌నే తర్వాత హిమాలయాల కోసమని మౌంటెన్ డివిజన్‌గా మార్చారు. కొండల మీద తిరగాలి కాబట్టి దానికి తేలికపాటి ఆయుధాలు ఇచ్చారు. తీరా 1965లో ఆ డివిజన్‌ను పంజాబ్ మైదానంలో ట్యాంకుల ముందు నిలబెట్టాల్సి వచ్చింది.

నేఫా నుంచి తిరిగొచ్చాక బెటాలియన్ అంబాలాలో మకాం వేసింది. హమీద్ అక్కడ కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అయ్యారు. రేషన్, యూనిఫాం, బూట్లు, దుప్పట్లు, తూటాల లెక్క చూసే పని అది. యుద్ధానికి దూరంగా స్టోరు చూసుకునే ఉద్యోగం. కానీ అంతకు ముందు ఐదేళ్ల పాటు ఆయన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ దళాన్ని నడిపారు. బెటాలియన్‌లో ఆ గన్‌తో ఆయనకు సాటి వచ్చే గురికాడు లేడు. 1965లో సరిహద్దు వేడెక్కగానే పై అధికారులకు ఆయన గుర్తొచ్చారు. స్టోరు తాళాలు పక్కన పెట్టించి, మళ్లీ గన్ దళం అప్పగించారు.

ఆ సమయంలో హమీద్ సెలవు మీద ఊళ్లో ఉన్నారు. పిలుపు రాగానే బయల్దేరారు. సామాను కడుతుండగా పక్కచుట్ట తాడు తెగిందనీ, అది అపశకునమనిపించి ఆగమని అడిగాననీ ఆయన భార్య రసూలన్ బీబీ తర్వాతి కాలంలో చెప్పారు. ఆయన ఆగలేదు. అప్పటికి ఆ దంపతులకు నలుగురు కొడుకులు, ఒక కూతురు.

ఆ గన్ సంగతి

సైనికులు ఆర్‌సీఎల్ అని పిలిచే ఆ ఆయుధం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అది అర్థమైతేనే చీమా పొలాల్లో ఏం జరిగిందో అర్థమవుతుంది.

మామూలు ఫిరంగి గుండును ముందుకు తోస్తే, అంతే బలంతో తాను వెనక్కి తన్నుకుంటుంది. ఆ తాకిడిని తట్టుకోవడానికి బరువైన ఇనుప చట్రం, చక్రాలు, నేలలో దిగే కాళ్లు కావాలి. రీకాయిల్‌లెస్ గన్‌లో వెనక భాగం మూసి ఉండదు. మందు పేలినప్పుడు పుట్టే వాయువుల్లో కొంత గుండును ముందుకు నెడితే, మిగతాది వెనక ఉన్న రంధ్రాల గుండా బయటకు దూసుకుపోతుంది. ముందు బలానికి వెనక బలం సరిపోయి గన్ కదలదు. అందుకే దాన్ని తేలికగా తయారు చేయవచ్చు. 106 మిల్లీమీటర్ల గన్ బరువు 200 కిలోల పైచిలుకు మాత్రమే. జీపు మీద బిగించి పొలం గట్ల మీద కూడా తిప్పవచ్చు. గొట్టం పైన చిన్న గురి తుపాకీ ఒకటి ఉంటుంది. ముందు దానితో ఒక తూటా పేలిస్తే, అది తగిలిన చోట మెరుపు, పొగ కనిపిస్తాయి. గురి కుదిరిందని తెలిశాక అసలు గుండు వదులుతారు. ఆ గుండు మొనలో ఉండే మందు పేలి, సన్నని లోహపు ధారగా మారి ఉక్కు కవచాన్ని తొలిచేస్తుంది.

ఇదంతా దాని మంచి. చెడు ఏమిటంటే, వెనక నుంచి ఎగజిమ్మే మంట, దుమ్ము. గన్ పేలిన మరుక్షణం దాని వెనక పెద్ద ధూళి మేఘం లేస్తుంది. శత్రువుకు అది చేతులెత్తి పిలిచినట్టే. జీపుకు కవచం ఉండదు. రేకు తలుపులు కూడా ఉండవు. కాబట్టి ఆర్‌సీఎల్ దళానికి మొదటి పాఠం ఒక్కటే: పేల్చు, కదులు. పేల్చిన చోటే రెండోసారి పేల్చాలనుకున్నవాడు బతకడం కష్టం. ట్యాంకు ఎదురుగా కాకుండా పక్క నుంచి కొట్టాలి, ఎందుకంటే కవచం పక్కల్లో పలచన. పక్కకు చేరాలంటే అది దగ్గరికి వచ్చేదాకా దాక్కోవాలి. దాక్కున్నవాడు తొందరపడకూడదు.

ఇటువైపు సంగతి ఇది. అటువైపు ప్యాటన్ ట్యాంకులు. అమెరికా పాకిస్తాన్‌కు ఇచ్చిన ఆ ట్యాంకు బరువు సుమారు 45 టన్నులు, 90 మిల్లీమీటర్ల ఫిరంగి, దానికి తోడు మెషిన్‌గన్లు. వాటిని ఆపగలిగేది ఏదీ లేదన్న పేరు ఉపఖండమంతా పాకింది.

యుద్ధం ఖేమ్‌కరణ్ దాకా ఎందుకొచ్చింది

1965 ఆగస్టులో పాకిస్తాన్ సాయుధులను కశ్మీర్‌లోకి పంపింది. సెప్టెంబర్ 1న ఛంబ్ ప్రాంతంలో ట్యాంకులతో దాడికి దిగింది. ఒత్తిడి తగ్గించడానికి భారత సైన్యం సెప్టెంబర్ 6న పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు కదిలింది. ఆ దాడిలో దక్షిణపు కొస నాలుగో మౌంటెన్ డివిజన్‌ది. ఇచ్ఛోగిల్ కాలువ దాకా వెళ్లాలన్నది దాని పని. తొలి రోజే నష్టాలు ఎక్కువై దాడి సాగలేదు. డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్ తన బలగాన్ని వెనక్కి లాగి, అసల్ ఉత్తర్ గ్రామం చుట్టూ రక్షణ వ్యూహం పన్నారు.

అవతల కసూర్ దగ్గర పాకిస్తాన్ మొదటి ఆర్మర్డ్ డివిజన్ పొంచి ఉంది. ఖేమ్‌కరణ్ మీదుగా దూసుకొచ్చి, బియాస్ నది వంతెనలను పట్టుకుని, అమృత్‌సర్‌ను దేశం నుంచి తెగ్గొట్టాలన్నది దాని పథకం. పథకం పారి ఉంటే పంజాబ్ చాలావరకు చిక్కుల్లో పడేది. బియాస్ వెనక్కి తగ్గమని సైన్యాధిపతి జనరల్ జె.ఎన్. చౌధురి సూచించారనీ, తాను ఒప్పుకోలేదనీ పశ్చిమ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హర్‌బక్ష్ సింగ్ తర్వాత రాసుకున్నారు. ఈ మాట మీద సైనిక చరిత్రకారుల మధ్య ఇంకా వాదన ఉంది. ఈ చౌధురి తెలుగువారికి కొత్త మనిషేమీ కాదు. 1948లో హైదరాబాద్ మీద పోలీసు చర్యకు నాయకత్వం వహించి, ఆ తర్వాత అక్కడ మిలిటరీ గవర్నర్‌గా పనిచేసింది ఆయనే.

అసల్ ఉత్తర్ వ్యూహం గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. నోరు తెరిచి ఉంచి, ట్యాంకులు లోపలికి వచ్చాక మూడు వైపుల నుంచి కొట్టాలి. చెరకు తోటలు ఏపుగా పెరిగి ఉన్నాయి. మనిషి ఎత్తును మించిన ఆ పైరు జీపులను, ఫిరంగులను, ట్యాంకులను దాచేసింది. ఇంజనీర్లు మందుపాతరలు పరిచారు. కాలువకు గండి కొట్టి పొలాల్లోకి నీళ్లు వదిలారు. వానాకాలం చివరి రోజులు కావడంతో నేల ముందే మెత్తబడి ఉంది. 45 టన్నుల ప్యాటన్ ఆ బురదలో దిగబడితే పైకి లేవడం ఇక కల్ల.

ఈ వ్యూహంలో భారత ట్యాంకులు మూడు రకాలు. మూడో కావల్రీకి సెంచూరియన్లు, ఎనిమిదో కావల్రీకి తేలికపాటి ఏఎంఎక్స్‌లు, డెక్కన్ హార్స్‌కు రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు ఉన్నాయి. డెక్కన్ హార్స్ పుట్టింది నిజాం రాజ్యంలో, 1790లో. గుర్రాల కాలంలో హైదరాబాద్ నేల మీద మొదలైన ఆ దళం 1965 నాటికి ట్యాంకులెక్కి పంజాబ్ చెరకు తోటల్లో కూర్చుంది. అప్పుడు దాన్ని నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ శ్రీధర్ వైద్య ఆ పోరులో మహావీరచక్ర అందుకున్నారు, తర్వాత సైన్యాధిపతి అయ్యారు.

హమీద్ బెటాలియన్‌కు దక్కిన చోటు ఖేమ్‌కరణ్ నుంచి భిఖీవిండ్ వెళ్లే రోడ్డు మీద, చీమా గ్రామం ముందు. ట్యాంకులు రావాలంటే అటే రావాలి.

మూడు రోజులు

సెప్టెంబర్ 8 ఉదయమే ప్యాటన్లు వచ్చాయి. గ్రెనేడియర్లు కందకాలు పూర్తిగా తవ్వుకోనైనా లేదు. చెరకు తోట మధ్య బండిబాటలో జీపు ఆపి హమీద్ ఎదురుచూస్తున్నారు. ముందు మోత వినిపించింది, తర్వాత ఆకారాలు కనిపించాయి. చాలా దగ్గరికి వచ్చేదాకా ఆగి, ముందు నడుస్తున్న ట్యాంకును కొట్టారు. అది అంటుకోగానే దాని వెనక వస్తున్న ట్యాంకులను సిబ్బంది వదిలేసి పారిపోయారని బెటాలియన్ కథనం.

ఇలా వదిలేసిపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. చెరకులో లోపలి నుంచి చూస్తే ట్యాంకు డ్రైవరుకు పది గజాల అవతల ఏముందో కనిపించదు. తూటా ఎటు నుంచి వస్తోందో తెలియదు. ట్యాంకులతో పాటు నడవాల్సిన కాల్బలం వెనకబడింది. అటు బురద, ఇటు మందుపాతరలు. అలాంటి చోట ముందున్న ట్యాంకు మండిపోతే, వెనకున్నవాళ్లకు తాము ఉచ్చులో పడ్డామని తెలిసిపోతుంది. తెలివిగల గురికాడు మొదటి ట్యాంకును ఎంచుకోవడంలో ఉన్న లెక్క అదే.

ఆ రోజు, ఆ రాత్రి, మరుసటి రోజు దాడులు ఆగలేదు. ఆకాశం నుంచి విమానాలు, నేల మీద ఫిరంగులు, వాటి మధ్య మళ్లీ మళ్లీ ట్యాంకులు. హమీద్ దళం చోటు మారుస్తూ, ఆగుతూ, కొడుతూ గడిపింది. 9వ తేదీ దాకా ఆయన చేసినది చూసే పై అధికారులు పరమవీరచక్రకు పేరు పంపారని రెజిమెంటు వర్గాలు చెబుతాయి.

10వ తేదీన జరిగినది అధికారిక ప్రశంసాపత్రంలో ఉంది. దాని సారాంశం ఇది. ఉదయం 8 గంటల ప్రాంతంలో ప్యాటన్ ట్యాంకుల రెజిమెంటు ఒకటి చీమా ముందున్న కీలక ప్రాంతం మీద దాడి చేసింది. అంతకు ముందు ఫిరంగులతో ఆ చోటంతా దంచింది. 9 గంటలకు ట్యాంకులు ముందు వరస కంపెనీల మోర్చాల్లోకి చొరబడ్డాయి. పరిస్థితి చేయి దాటుతోందని గ్రహించిన హమీద్ జీపును పక్కకు, ట్యాంకుల పార్శ్వం కనిపించే చోటికి తీసుకెళ్లారు. గుండ్ల వాన మధ్యే వెళ్లారు. అనువైన చోటు చూసుకుని ముందున్న ట్యాంకును కొట్టారు. వెంటనే చోటు మార్చి రెండోదాన్ని మంటల్లో ముంచారు. అప్పటికి మిగతా ట్యాంకులు జీపును పసిగట్టాయి. మెషిన్‌గన్లు, ఫిరంగులు అన్నీ ఆ ఒక్క జీపు వైపు తిరిగాయి. ఆయన మూడో ట్యాంకు మీద గురిపెట్టి పేలుస్తుండగానే ఒక గుండు వచ్చి తగిలింది.

ఆయన వయసు 32.

ప్రశంసాపత్రాన్ని జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తడుతుంది. పక్క నుంచి దాడి, ముందున్న ట్యాంకును మొదట కొట్టడం, కొట్టాక చోటు మార్చడం: శిక్షణలో నేర్పిన పాఠం వరస తప్పకుండా అందులో ఉంది. పాఠం ప్రకారం ఆ తర్వాత తప్పుకోవాలి. తాను కనబడిపోయానని తెలిసీ ఆయన అక్కడే ఉండి ఇంకో గుండు వదిలారు. మోర్చాల్లోకి ట్యాంకులు చొరబడ్డాక తప్పుకుంటే వెనకున్న బెటాలియన్ గతేమిటో ఆయనకు తెలుసు.

గ్రెనేడియర్లు ఆ రోజు చోటు వదల్లేదు. అదే రోజు పాకిస్తాన్ ఆర్మర్డ్ డివిజన్ ఆర్టిలరీ కమాండర్ బ్రిగేడియర్ షమీ ఆ పొలాల్లోనే చనిపోయారు. చుట్టూ తిరిగి వద్దామనుకున్న వాళ్ల నాలుగో కావల్రీ నీళ్లలో, చెరకులో చిక్కుకుని, కమాండింగ్ అధికారితో సహా లొంగిపోయింది. మొత్తం పోరులో పాకిస్తాన్ 97 ట్యాంకులు పోగొట్టుకుందని భారత్ లెక్క. పట్టుబడిన ప్యాటన్లను వరసగా తెచ్చి భిఖీవిండ్ దగ్గర నిలబెట్టారు. జనం వాటిని చూడటానికి తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. ఆ చోటికి ప్యాటన్ నగర్ అన్న పేరు వచ్చింది.

గెలుపు ఒక్క జీపుదే అనడం సరికాదు, ఆ మాట హమీద్‌కు గౌరవం కూడా కాదు. లాడం ఆకారపు వ్యూహం, గండి కొట్టిన కాలువ, కాచుకుని కూర్చున్న సెంచూరియన్లు, అటువైపు నాయకత్వపు తొందరపాటు, అన్నీ కలిశాయి. రెండో ఆర్మర్డ్ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ థామస్ థియోగ్‌రాజ్, మూడో కావల్రీకి చెందిన లెఫ్టినెంట్ కల్నల్ సలీం కేలెబ్ కూడా మహావీరచక్ర అందుకున్నారు. అయితే ఆ వ్యూహమంతా ఒక షరతు మీద నిలబడింది: మధ్యలో ఉన్న కాల్బలం ట్యాంకులు మీదికొచ్చినా కదలకూడదు. ఆ షరతు నెరవేరిన చోట చీమా ఒకటి.

పతకం

హమీద్ మరణించిన వారానికే, సెప్టెంబర్ 16న, పరమవీరచక్ర ప్రకటన వచ్చింది. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. సాధారణంగా ఇలాంటి పురస్కారాలకు నెలలు పడతాయి.

పరమవీరచక్రను 1950 జనవరి 26న నెలకొల్పారు, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా. దాని రూపం గీసినవారు సావిత్రీ ఖానోల్కర్. స్విట్జర్లాండ్‌లో పుట్టి, భారత సైనికాధికారిని పెళ్లాడి, ఇక్కడి పురాణాలు, సంస్కృతం చదువుకున్న మహిళ ఆమె. కంచు పతకం మధ్య జాతీయ చిహ్నం, చుట్టూ ఇంద్రుడి వజ్రాయుధాలు నాలుగు, పైన ఊదారంగు రిబ్బను. వృత్రాసురుణ్ని చంపే ఆయుధం కోసం దధీచి తన ఎముకలు ఇచ్చిన కథ ఆ వజ్రాయుధం వెనక ఉంది. ఇప్పటిదాకా ఈ పతకం పొందినవారు 21 మంది. వారిలో 14 మందికి అది మరణానంతరమే వచ్చింది.

ఆ 21 మందిలో తెలుగువారు లేరు. దాని తర్వాతి స్థానంలో ఉన్న మహావీరచక్ర మాత్రం తెలుగు నేలకు వచ్చింది. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్‌లో నేలకొరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య మూలాలు ఒడిశావి అయినా ఆయన హైదరాబాద్‌వాసి. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మరణించిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఇద్దరికీ అది మరణానంతర పురస్కారమే.

1966 గణతంత్ర దినోత్సవం విచిత్రమైన రోజుల్లో వచ్చింది. తాష్కెంట్‌లో ఒప్పందం మీద సంతకం చేసిన మరుసటి తెల్లవారుజామున ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి చనిపోయి రెండు వారాలైంది. ఇందిరా గాంధీ ప్రమాణం చేసి రెండు రోజులైంది. దేశం ఒకవైపు దుఃఖంలో, ఇంకోవైపు గెలిచామన్న ఉత్సాహంలో ఉంది. ఆ రోజు ఢిల్లీలో రసూలన్ బీబీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా భర్త పతకాన్ని అందుకున్నారు. వైస్ చాన్సలర్‌గా ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపిన తత్వవేత్త ఒకవైపు, ధాముపూర్ దాటి పెద్దగా ఎరగని దర్జీ ఇంటి కోడలు ఇంకోవైపు.

ఎన్ని ట్యాంకులు?

హమీద్ గురించి ఎవరు రాసినా ఈ ప్రశ్న దగ్గర ఆగాల్సిందే. కొన్ని రచనల్లో ఏడు, కొన్నింటిలో ఎనిమిది. అధికారిక ప్రశంసాపత్రం 10వ తేదీ ఉదయం మీదే నడుస్తుంది. అందులో రెండు ట్యాంకులు స్పష్టంగా, మూడోది గురిపెట్టి కొడుతుండగా. ముందు రెండు రోజుల లెక్క అందులో చేరలేదు. పై అంకెల మధ్య తేడాకు మొదటి కారణం ఇదే.

రెండో కారణం యుద్ధభూమి స్వభావం. మండిపోయిన ట్యాంకు ఒక లెక్క, సిబ్బంది వదిలేసిపోయిన ట్యాంకు మరో లెక్క. పక్క ట్యాంకు కాలిపోతుంటే చూసి దిగిపోయిన సిబ్బంది బండిని ఎవరి ఖాతాలో వేయాలి? అదే పొలంలో ఇతర ఆర్‌సీఎల్ గన్లు, మన ట్యాంకులు, ఫిరంగులు కూడా పేలుస్తున్నాయి. ఒకే ప్యాటన్‌కు రెండు మూడు చోట్ల నుంచి గుండ్లు తగిలిన సందర్భాలు ఏ ట్యాంకు యుద్ధంలోనైనా సహజం. ఈ ప్రశ్నను కొందరు ఆయన్ను తక్కువ చేయడానికి వాడారు, ఇంకొందరు అంకె పెంచితేనే గౌరవం పెరుగుతుందనుకున్నారు. రెండూ అనవసరమైన పనులే. కవచం లేని జీపులో కూర్చుని ఒక్క ప్యాటన్‌ను పక్క నుంచి కొట్టి బయటపడటమే ఆ రోజుల్లో ఒక దళానికి చాలు. ఆయన మూడు రోజులు ఆ పని చేశారు.

తర్వాత

అసల్ ఉత్తర్‌లో ఆయన సమాధి ఉంది. ఏటా సెప్టెంబర్ 10న అక్కడ సైన్యం నివాళి అర్పిస్తుంది. ఆ ప్రాంతం అప్పట్లో అమృత్‌సర్ జిల్లాలో ఉండేది, 2006లో తరన్ తారన్ వేరే జిల్లా అయ్యాక అందులోకి వెళ్లింది. ధాముపూర్‌లో స్మారక స్థలాన్ని హమీద్ ధామ్ అంటారు. 2017 సెప్టెంబర్‌లో అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ అక్కడికి వెళ్లి రసూలన్ బీబీని కలిశారు. భర్త పోయాక అర్ధ శతాబ్దానికి పైగా బతికి, ఆయన జ్ఞాపకం చెరిగిపోకుండా అధికారుల వెంట పడుతూ వచ్చిన ఆమె 2019 ఆగస్టులో కన్నుమూశారు.

దూరదర్శన్ 1988లో ప్రసారం చేసిన 'పరమ్ వీర్ చక్ర' ధారావాహికలో హమీద్ పాత్రను నసీరుద్దీన్ షా పోషించారు. దర్శకుడు చేతన్ ఆనంద్. ఆ తరం ప్రేక్షకుల్లో చాలామందికి హమీద్ అనగానే షా ముఖమే గుర్తొస్తుంది. 2000 జనవరిలో తపాలా శాఖ శౌర్య పురస్కార గ్రహీతల మీద స్టాంపుల వరస విడుదల చేసినప్పుడు అందులో ఆయన కూడా ఉన్నారు. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లోని 21 దీవులకు 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి హమీద్ దీవి.

ఆయన పేరు మతసామరస్యం గురించిన ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తుంది. ముస్లిం సైనికుడు ముస్లిం దేశపు ట్యాంకులను ఆపాడన్న వాక్యం చెప్పినవారికి సులువుగా, విన్నవారికి నిండుగా ఉంటుంది. గ్రెనేడియర్స్‌లో మాత్రం దాన్ని అంత విశేషంగా చూడరు. ఆ రెజిమెంటులో ముస్లిం కంపెనీలు అంతకు ముందూ పోరాడాయి, తర్వాతా పోరాడాయి. 1971 డిసెంబర్‌లో అదే రెజిమెంటు మూడో బెటాలియన్‌కు చెందిన మేజర్ హోషియార్ సింగ్, 1999లో పద్దెనిమిదో బెటాలియన్‌కు చెందిన గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్ కూడా పరమవీరచక్ర అందుకున్నారు. వాళ్లిద్దరూ బతికి ఉండగానే ఆ పతకం ధరించారు.